జల్లెడలో నిలిచిన గొంతు

సన్యాసిరావు చేసే ఉద్యోగం చెప్పుకోవడానికి చాలా తేలిక. ఎవరూ ఎరగని పాటగాళ్లకు ఫోన్ చేసి, "మీ పాట ఎంపికైందండీ" అని చెప్పాలి. ఆ మాట విన్నాక అవతల కాసేపు చప్పుడు ఉండదు. తర్వాత ఒకరు ఏడుస్తారు, ఒకరు నవ్వుతారు, ఒకరు ఇదేదో మోసమనుకుని ఫోన్ పెట్టేస్తారు. అలా పెట్టేసినవాళ్లకు మళ్లీ చేసి నమ్మించడం కూడా అతని పనే. దేవుడు తనకిచ్చిన పనుల్లో ఇంత పుణ్యమైనది మరొకటి లేదని అతను నమ్మేవాడు. రోజూ పొద్దున్నే దీపం పెట్టి, అనకాపల్లిలో రైలెక్కి, విశాఖపట్నంలో దిగి, పెదవాల్తేరులో ఉన్న 'తొలిగొంతు' అనే పాటల యాప్ ఆఫీసుకు వెళ్లేవాడు.

ఇళ్లలో, పొలాల్లో, వర్క్‌షాపుల్లో పాడుకునేవాళ్లు తమ పాటల్ని ఫోన్లో పట్టి తొలిగొంతుకు పంపేవారు. వాటిలో కుక్కల అరుపులూ ఫ్యాన్ల గోలా తీసేసి శుభ్రం చేయడం సన్యాసిరావు వంతు. వాటిని ఏరడం మాత్రం మనుషుల వంతు కాదు. అందుకు ఒక యంత్రం ఉంది. దాన్ని అందరూ జల్లెడ అనేవారు. తయారుచేసింది డాక్టర్ మైథిలి. ఏ సంగీత కంపెనీ అండా లేని ఎందరో పల్లెటూరి గాయకులు ఆ జల్లెడ పుణ్యమా అని లక్షల మందికి తెలిశారు.

ఒకరోజు మధ్యాహ్నం జల్లెడలో ఒక ఆడగొంతు నిలిచింది. ఏదో మంగళహారతి. వెనకాల కుక్కర్ కూత, దాని వెనక సన్నగా హార్మోనియం. సన్యాసిరావు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని రెండు క్షణాలు విన్నాడు. ఆ హార్మోనియం తనదే. ఆ కుక్కరూ తన ఇంటిదే.

ఇంటికి ఫోన్ చేశాడు. భార్య సుభద్ర ఎత్తింది.

"నమస్కారమండీ. తొలిగొంతు నుంచి మాట్లాడుతున్నాం. మీ పాట ఎంపికైందండీ."

"కూర మాడిపోతోంది, పెట్టండి" అంది సుభద్ర.

"నిజం సుభద్రా. అమ్మాయి పంపినట్టుంది, నీకు చెప్పకుండా."

అవతల అందరి దగ్గరా ఉన్నట్టే ఇక్కడా చప్పుడు లేకుండా పోయింది. తర్వాత సుభద్ర మెల్లగా, "హారతి పాటండీ అది. ఊరందరూ వింటే దేవుడు ఏమనుకుంటాడో" అంది.

"ఆయన ఎప్పట్నుంచో వింటున్నాడు కదా, కొత్తేముంది" అన్నాడు సన్యాసిరావు.

వినాయక చవితి రాకముందే ఆ పాటను లక్షల మంది విన్నారు. కూతురు హారిక ఇంకో నాలుగు పాటలు పట్టింది. కాలేజీలో ఆమెను 'హారతి గారమ్మాయి' అనడం మొదలుపెట్టారు. శనివారం భజనకు వీధి చివరిదాకా చాపలు పరవాల్సి వచ్చింది. సుభద్ర మాత్రం ఎప్పటిలాగే తల వంచుకుని పాడేది. పాట అయ్యాక ప్రసాదం పంచుతూ, "అమ్మా, మీ గొంతులో ఏదో ఉందమ్మా" అని ఎవరైనా అంటే, "జలుబు" అనేది.

ఆ రోజుల్లోనే గజపతినగరం దగ్గర పల్లె నుంచి రామునాయుడు ఆఫీసుకొచ్చాడు. జల్లెడ మొట్టమొదట పట్టుకున్న గొంతు అతని తమ్ముడు తవిటినాయుడిది. లారీ మీద క్లీనరుగా తిరుగుతూ పాడుకునేవాడు. ఇప్పుడు అతని పాట తెలియని ఊరు లేదు. కానీ కొన్నాళ్లుగా కొత్త పాటలు పంపడం లేదు. ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు.

రామునాయుడు కుర్చీలో కూర్చోలేదు. గుమ్మం పక్కనే నిలబడ్డాడు.

"బాబూ, మీ మిషనుకీ మావోడి ఒంటికీ ఏటైనా సంబంధం ఉందేటి?"

"ఏం జరిగింది బాబూ?"

"మాట ముద్దైపోనాది. గ్లాసు ఎత్తలేకపోతన్నాడు. మింగితే దగ్గొస్తంది. మీరేటైనా కరెంటు పంపించీసినారేమోనని మా ఆడోళ్లు అంతన్నారు. నానైతే అనలేదు. అడిగి రమ్మన్నారు, వచ్చినాను."

సన్యాసిరావుకు బాధేసింది. అతన్ని కూర్చోబెట్టి, చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టాడు. "ఇవి పాట వినిపిస్తాయి. తొలిగొంతు వినేవాళ్లందరి దగ్గరా ఇలాంటివే ఉంటాయి. పాటతోపాటు మన ఊపిరి కూడా వింటాయి. అంతే. కరెంటు ఎవరికీ పంపవు. చూడండి" అని తవిటినాయుడి పాట పెట్టాడు.

ఎదురుగా తెర మీద ఒక పచ్చగీత పైకీ కిందకీ నడుస్తోంది. అది రామునాయుడి ఊపిరి. పాట రెండో చరణంలో ఒకచోట ఆ గీత ఉన్నట్టుండి చదునైంది. మళ్లీ లేచింది.

"అదిగో. అక్కడ మీకు తెలియకుండానే ఊపిరి బిగబట్టారు. ఏ పాటకు ఎక్కువమంది అలా ఊపిరి బిగబడతారో ఆ పాటను జల్లెడ ఇంకొందరికి పంపుతుంది. వాళ్లూ బిగబడితే ఇంకా ఎక్కువమందికి. మీ తమ్ముడి పాటకు ఎంతోమంది అలా బిగబట్టారు. మంచి పాటకు గుర్తు అదేనని మా లెక్క."

రామునాయుడు ఇయర్‌ఫోన్లు తీసి బల్లమీద పెట్టాడు. చాలాసేపు ఆ గీత వంకే చూశాడు.

"చిన్నప్పుడు ఈడు నూతిలో పడిపోనాడు బాబూ. గట్టుమీద నిలబడి చూస్తన్నాను. అప్పుడాగినాది నాకూపిరి ఇలాగ."

అతను వెళ్లాక ఆ మాట సన్యాసిరావును వదల్లేదు. మర్నాడు మైథిలికి చెప్పాడు. ఆమె మొదట నవ్వింది. తర్వాత నవ్వడం మానేసి, పై వరసలో ఉన్న కొన్ని గొంతులు తీసింది. వాటిలోంచి మాటలు తీసేసింది. రాగం తీసేసింది. తాళం తీసేసింది. చివరికి మిగిలింది చెవికి అందని ఒక సన్నటి వణుకు. ఒక్కో గొంతులోనూ అదే వణుకు. కొన్నింటిలో చిన్నగా, కొన్నింటిలో పెద్దగా.

ఆ వణుకుల్ని ఆమె తనకు తెలిసిన ఒక నరాల వైద్యుడికి పంపింది. ఆయన సమాధానం ఇవ్వడానికి వారం పట్టింది. ఆ వారం ఆమె సరిగా అన్నం తినలేదని ముఖం చూస్తేనే తెలిసేది.

సన్యాసిరావును గదిలోకి పిలిచి తలుపు వేసింది.

"ఇది ఒక జబ్బండీ. గొంతు నరంలో మొదలవుతుంది. అక్కణ్నుంచి నాలుకకు, చేతులకు, ఆఖరికి రొమ్ముకు దిగి ఊపిరి ఆపేస్తుంది. మొదట్లో ఎవరికీ తెలియదు, రోగికి కూడా."

"మరి వినేవాళ్లకు ఎలా తెలిసిందమ్మా?"

"వాళ్లకూ తెలియలేదు. వాళ్ల ఒంటికి తెలిసింది. పక్కగదిలో పసివాడు తేడాగా దగ్గితే తల్లి చేతిలో పని అలాగే ఆగిపోతుంది చూడండి, అలాగన్నమాట. సాటిమనిషికి ఏదో అవుతోందని ఊపిరి బిగబట్టారు. ఎందుకు బిగబట్టామో తెలియక, పాట బాగుంది అనుకున్నారు. నేనూ అలాగే అనుకుని ఈ జల్లెడ కట్టాను. మంచి గొంతులు ఏరుతున్నాననుకున్నాను. జబ్బు పడ్డవాళ్లను ఏరాను."

కిటికీ అవతల ఎవరో స్కూటరు స్టార్ట్ చేయడానికి తంటాలు పడుతున్నారు. సన్యాసిరావు లేచి కిటికీ మూసి అడిగాడు.

"మా ఆవిడది చూశారా?"

"చూడలేదు. మీరు అడక్కుండా చూడకూడదనుకున్నాను."

"చూడండి."

ఆమె చూసింది. తెర మీద వచ్చిన వణుకును అతనికి వివరించాల్సిన అవసరం లేకపోయింది.

రైల్లో ఇంటికొస్తుంటే సన్యాసిరావుకు తన వేళ్లు గుర్తొచ్చాయి. అతను హార్మోనియం వాయించే భజన సమాజంలో ఒక మర్యాద ఉంది. ముందు పాడేవాళ్లకు శ్రుతి అందకపోతే హార్మోనియం మీద కూర్చున్నవాడు నోరెత్తకుండా ఒక మెట్టు దించాలి. 'మీకు అందడం లేదు' అని నలుగురిలో అనకూడదు. తాళం వేసేవాళ్లూ వంతపాడేవాళ్లూ మాట్లాడకుండా ఆ శ్రుతిలోకే వచ్చేస్తారు. సుభద్ర పెళ్లైన కొత్తలో అయిదున్నర శ్రుతికి పాడేది. నిరుడు దీపావళి వెళ్లాక అతను అయిదుకు దించాడు. వేసవిలో నాలుగున్నర. ఇప్పుడు నాలుగు. వయసు అనుకున్నాడు. భక్తి కొద్దీ, ప్రేమ కొద్దీ దించాడు. వీధి వీధంతా ఆమెతోపాటు కిందికి దిగింది. అందరూ కలిసి దిగారు కాబట్టి దిగినట్టు ఎవరికీ అనిపించలేదు.

ఇంటికి వెళ్లి కాళ్లు కడుక్కుని, సుభద్రనూ హారికనూ కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పాడు. శ్రుతి సంగతి కూడా చెప్పాడు.

సుభద్ర ఒత్తులు చేస్తోంది. చేయడం ఆపలేదు.

"మీరు మెట్టు దించుతున్నారని నాకు తెలీదనుకున్నారా?"

"తెలిసీ అడగలేదా?"

"నలుగురిలో నా మర్యాద కాపాడుతున్నారు కదా. అడిగితే మీరు చిన్నబుచ్చుకుంటారని ఊరుకున్నాను."

హారిక లేచి నిలబడింది. "ఇద్దరికిద్దరూ సరిపోయారు. ఒకళ్ల మర్యాద ఒకళ్లు కాపాడుకుంటూ కూర్చోండి" అని వంటింట్లోకి వెళ్లిపోయింది. అక్కడ ఏడుస్తోందని గిన్నెల చప్పుడును బట్టి తెలిసింది. కాసేపటికి వచ్చి, "నేను ఆ పాట పంపకపోయినా బాగుండేది" అంది.

"నువ్వు పంపబట్టే తెలిసిందే పిచ్చిదానా. లేకపోతే మీ నాన్న మూడుకు దించేవాడు, రెండుకు దించేవాడు" అంది సుభద్ర. ఆ మాటకు ముగ్గురూ కొంచెం నవ్వారు.

ఆ నరాల వైద్యుడు మంచివాడు. దాచకుండా చెప్పాడు. జబ్బు గొంతులో ఉండగానే ఆ నరం మీద సన్నటి తీగ అమర్చి దాన్ని నిద్రపుచ్చితే అక్కడితో ఆగిపోతుంది. కిందికి దిగదు. మాట ఉంటుంది, కాస్త బొంగురుగా. పాట ఉండదు. ఆలస్యం చేసి నాలుకకు దిగాక వస్తే ఏ తీగా పనిచేయదు.

"హమ్మింగ్ లాంటిదైనా?" అని హారిక అడిగింది.

"ఉండదమ్మా. గొంతు ఒకే మెట్టు మీద నిలబడిపోతుంది."

సుభద్ర ఆలోచించుకుంటానని ఇంటికొచ్చింది. మర్నాడు పొద్దున్న పూజ చేసి, హారతి వెలిగించి, పాడకుండా నిలబడిపోయింది. కర్పూరం కరిగి ఆరిపోయింది. గుమ్మంలో నిలబడ్డ భర్తను చూసింది.

"నాకు చదువు లేదు. బంగారం పెట్టే స్తోమతా లేదు. ఆయన ముందు పెట్టడానికి నా దగ్గరున్నది ఇదొక్కటే. దీన్నే ఎందుకు అడుగుతున్నాడండీ?"

"ఆయన్నే అడిగావా?"

"అడిగాను. ఆయనా మీలాగే మాట్లాడకుండా ఊరుకున్నాడు."

సన్యాసిరావు లోపలికొచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

"ఇంకోటి కూడా అడిగాను. ఇన్ని లక్షల మంది విన్నది నన్నా, నా రోగాన్నా అని" అంది సుభద్ర. "రోగాన్నే అయితే, అది తీసేశాక నేను ఎవర్ని?"

పూజలు చేసే మనిషిగా ఏదో ఒకటి చెప్పాలనుకున్నాడు. చెబితే అబద్ధమవుతుందేమోనని భయపడ్డాడు. చివరికి, "మన భజనవాళ్లు నిన్ను రోగం రాకముందు నుంచీ వింటున్నారు" అన్నాడు. ఆమె తల ఊపింది గాని, ఆ మాట ఆమెకు చాల్లేదని అతనికి తెలుస్తూనే ఉంది.

"ఆ తవిటినాయుడి ఇంటికి తీసుకెళ్తారా?" అని అడిగింది.

వెళ్లారు. పెంకుటిల్లు. వసారాలో నులకమంచం మీద తవిటినాయుడు ఒరిగి ఉన్నాడు. ఇంకా ముప్పై నిండనివాడు. సుభద్రను చూసి ఏదో అన్నాడు. రామునాయుడు దాన్ని మాటల్లోకి మార్చాడు. "హారతి పాట మీదేనా అంతన్నాడమ్మా. బాగుందట."

సుభద్ర తెచ్చిన పళ్లు పక్కన పెట్టి కూర్చుంది. ఇంతలో వీధిలో ఆటో ఒకటి ఆగింది. అందులో పాట మోగుతోంది. తవిటినాయుడి పాటే. ఆ డ్రైవరుకు ఇది ఎవరి ఇల్లో తెలియదు, టీ తాగడానికి ఆగాడంతే. తవిటినాయుడి కళ్లు గట్టిగా మూసుకున్నాయి. చెవులు మూసుకుందామని చేతులు కదిపాడు. అవి లేవలేదు. రామునాయుడు చేస్తున్న పని వదిలేసి వచ్చి, మంచం వెనక నిలబడి, తన రెండు అరచేతులతో తమ్ముడి చెవులు మూశాడు. పాట అయ్యేదాకా అలాగే నిలబడ్డాడు. ఇది అతనికి అలవాటైన పనేనని చూస్తే తెలిసిపోయింది.

తిరుగు బస్సులో సుభద్ర కిటికీ పక్కన కూర్చుని చీకటి పడకముందే చెప్పేసింది.

"నా గొంతు ఎక్కడో మోగుతుంటే, చెవులు మూయడానికి మీరు నా వెనకాల నిలబడాలా? అక్కర్లేదు. తీగ పెట్టించేద్దాం."

ఆఫీసులో మైథిలి యజమానులకు సంగతి చెప్పింది. వాళ్లు చెడ్డవాళ్లు కాదు. భయపడ్డారు. ముందు లాయర్లతో మాట్లాడదాం, తర్వాత పెద్ద ఆసుపత్రితో సరిచూసుకుందాం, అప్పుడు పాటగాళ్లకు చెబుదాం అన్నారు. ఆలోగా జల్లెడ నడుస్తూనే ఉండాలన్నారు.

"ఆలోగా ఒకరి నాలుకకు దిగితే?" అని అడిగింది మైథిలి. ఆమె మెట్లు దిగి వచ్చి, జల్లెడ గదిలోకి వెళ్లి, దాన్ని ఆపేసింది. తర్వాత సన్యాసిరావు బల్ల దగ్గరికొచ్చింది.

"నంబర్లు మీ దగ్గరే ఉన్నాయి కదా."

"అందరికీ శుభవార్త చెప్పింది నేనే కదమ్మా. ఇదీ నేనే చెబుతాను" అన్నాడతను.

చెప్పడం మొదలుపెట్టాడు. అవతల అదే నిశ్శబ్దం. కొందరు నమ్మారు. కొందరు తిట్టారు. ఒకాయన, "మీ కంపెనీకి కొత్తవాళ్లు దొరికారేమో, మమ్మల్ని దించడానికి ఈ కథా" అన్నాడు. ఒకామె, "మా ఆయనకు చెప్పకండి" అంది. సన్యాసిరావు సాయంత్రానికి గొంతు ఎండిపోయి ఇంటికొచ్చేవాడు.

అప్పటికి సుభద్రకు ఆపరేషనైపోయింది. మెడకింద చిన్న గాటు. మాట బొంగురుగా, చదునుగా వచ్చేది. శనివారం భజన ఆగలేదు, ముందు పాడేది మాత్రం హారిక. సుభద్ర చిడతలు పట్టుకుని కూర్చునేది. ఒకసారి అలవాటుగా నోరు తెరిచింది. పాట రాలేదు. మళ్లీ మూసుకుంది.

పార్వతీపురం నుంచి పాటలు పంపే గౌరీశ్వరి అనే అమ్మాయి అందరికన్నా మొండికేసింది. ఇంట్లో మిషను మీద జాకెట్లు కుడుతుంది. తొలిగొంతులో పాట వచ్చేదాకా ఆ పిల్లను ఆ వీధిలోనే ఎవరూ పట్టించుకోలేదట. సన్యాసిరావు ఎన్నిసార్లు చేసినా, "నాకు తెలుసు సార్, వినీసినాను, పెట్టీండి" అనేది. ఒక ఆదివారం అతను ఇంటినుంచి చేశాడు. మాట్లాడుతుండగా సుభద్ర చెయ్యి చాచి ఫోన్ తీసుకుంది.

"అమ్మాయ్, నేను హారతి పాట ఆవిణ్ని."

అవతల కుట్టుమిషను చప్పుడు ఆగింది. "మీ గొంతు ఇలాగుందేటమ్మా?"

"తీగ పెట్టించుకున్నాను. ఇక ఇలాగే ఉంటుంది."

"పాడాలనిపించదా?"

"రోజూ అనిపిస్తుంది. పొద్దున్న దీపం పెట్టేటప్పుడు మరీను. నీకు అబద్ధం చెప్పను. పోయింది పోయినట్టే ఉంటుంది."

"మరెందుకమ్మా పెట్టించుకున్నారు? ఒక్క సంవత్సరమైనా బాగా పాడి పోతాను నాను. ఇన్నాళ్లకి నన్ను ఇన్నారు జనం."

సుభద్ర వాదించలేదు. అడిగింది. "మళ్లీ ఎప్పుడు పాడతావు?"

"వచ్చీవారం మా వీధిలో గైరమ్మ సంబరం. మాటిచ్చీసినాను. పాడకపోతే కుదరదు."

"పాడు. నేను వస్తాను."

"మీరెందుకమ్మా అంత దూరం?"

"వినడానికి. పాట నచ్చిందని ఫోన్లో నొక్కేవాళ్లు కాదు, నీ ఎదురుగా కూర్చుని వినేవాళ్లు కావాలి కదా. మొత్తం వింటాను. నువ్వు చాలించేదాకా లేవను. ఆ తర్వాత నీ ఇష్టం."

అవతల కుట్టుమిషను మళ్లీ మొదలైంది.

సుభద్రా సన్యాసిరావూ వెళ్లారు. పొద్దు వాలుతుండగా వీధిలో షామియానా కింద గౌరీదేవి బొమ్మను గైరమ్మగా నిలబెట్టారు. గౌరీశ్వరి ఎరుపు చీర కట్టుకుని వచ్చింది. బక్కపలచటి పిల్ల. సుభద్ర ఆడవాళ్ల మధ్య ముందు వరసలో చాప మీద కూర్చుంది. ఆ పిల్ల పాడింది. ఒకటి కాదు, తెలిసినవన్నీ పాడింది. కొన్నిచోట్ల గొంతు జారింది, మళ్లీ పట్టుకుంది. ఎవరో పిల్లలు అటూ ఇటూ పరుగెడుతున్నారు, ఒకామె మధ్యలో లేచి పాలు కాచుకోవడానికి వెళ్లింది. సుభద్ర కదల్లేదు. కళ్లు తుడుచుకోవడానికి కూడా చెయ్యెత్తలేదు. ఆ పిల్ల మొదట జనాన్నంతా చూస్తూ పాడింది. పోనుపోను సుభద్ర ఒక్కదాన్నే చూస్తూ పాడింది.

ఆఖరి పాట అయిపోయింది. మేళంవాళ్లు వాయించడం మొదలుపెట్టారు. గౌరీశ్వరి వేదిక దిగి వచ్చి సుభద్ర ఎదురుగా కూర్చుంది. ఎవరో మంచినీళ్లిస్తే సగం తాగింది. గ్లాసు దించుతూ సుభద్ర మెడకింద గాటును చూసింది. సుభద్ర దాన్ని కొంగుతో కప్పుకోలేదు.

"రేపు మనకి బస్సు ఎన్ని గంటలకమ్మా?" అంది గౌరీశ్వరి.